గునుగు చేలో ఫోటోలు

గులాబీని ఎవరు తీసినా ఫోటో బాగానే వస్తుంది. చేమంతీ అంతే. గునుగు సంగతి అలా కాదండీ! కంటికి వెండి చిలకరించినట్టున్న చేను, సెల్‌ఫోనులోకి వచ్చేసరికి ఎండుగడ్డిలా కనిపిస్తుంది. మూడేళ్లుగా బతుకమ్మకి వారం ముందు సిద్దిపేట అవతల ఉన్న మా ఆడపడుచు ఊరికి పరుగెత్తడం, వందల ఫోటోలు తీసుకురావడం, మావారు చూసి "పాపం, అక్కడ వానల్లేవా?" అనడం, ఇదీ వరస.

తంగేడుకి 2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పమనే హోదా దక్కింది. గునుగుకి ఏ హోదా లేదు. (ఇంటెడు చాకిరీ చేసేవాళ్లకి హోదాలెక్కడివి లెండి!) బతుకమ్మలో వరస మీద వరస నిలబెట్టేది మాత్రం అదే. పువ్వు కాగితంలా పొడిపొడిగా ఉంటుంది కనక కోసిన రెండో రోజుకీ వాడదు, రంగులో ముంచితే చక్కగా పట్టుకుంటుంది.

ఆ పొడితనమే ఫోటోకీ కీలకం. మిట్టమధ్యాహ్నం తీశామా, సున్నం కొట్టినట్టు తెల్లగా పాలిపోతుంది. పొద్దున్నే వెళ్లాలి. సూర్యుడు పువ్వు వెనకాల ఉండేలా చూసుకుని, కుచ్చిళ్లు ఎగదోపి గట్టుమీద చతికిలబడాలి. అప్పుడు వెలుతురు కంకిలోంచి దూరి వస్తుంది. కొసన గులాబిరంగు, కిందికి వచ్చేకొద్దీ వెండి, ఆ రెండూ కలిసే చోటు కూడా తెలుస్తుంది. ఫోను తెరమీద పువ్వు దగ్గర వేలు ఆనించి, వెలుతురు కాస్త తగ్గిస్తే చాలు.

మొన్న అలా కూర్చుని ఉండగా చేను గల అవ్వ వచ్చింది. పత్తి చేను. సాళ్లలో పత్తితో పోటీగా గునుగు.

"ఏంది బిడ్డా, కలుపుకు ఫోటోలు తీస్తున్నవా?"

"పండక్కి కావాలి కదా అవ్వా!"

"నీకు తొమ్మిది దినాలు గావాలె. నాకు ఏడాదంత పీకుడే."

ముదురు కంకి ఒకటి అరచేతిలో నలిపి చూపించింది. నల్లగా, నున్నగా, ఆవాలకన్నా చిన్న గింజలు, ఎన్నని లెక్కపెడతాం! పక్క మొక్కజొన్న చేలో గడ్డిమందు కొట్టారట. అక్కడ మచ్చుకైనా ఒక్క గునుగు లేదు. ఈవిడెందుకు కొట్టించలేదో! కూలీలు దొరకడం లేదని తిడుతూనే ఉందాయె. అడిగేశాను.

"లేతగున్నప్పుడు కూర వండుకుంట. మందు కొట్టినంక ఆకు ఎట్ల తింటం? గట్టు పొంటి ఇంత ఇడిసిపెడ్త. పండుగకు నా బిడ్డలొస్తరు గద."

అంతలో ఫోను చేతిలోకి తీసుకుంది. దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూసింది. మూడేళ్లలో అంత మంచి ఫోటో రాలేదని నేను మురిసిపోతున్నాను.

"పత్తి ఏది?" అంది.

పత్తి లేదు. అడ్డం వస్తోందని పక్కకి తప్పించాను మరి!

అవ్వ ఏమీ అనకుండా సాలులోకి నడిచి, ఇటు రమ్మని చెయ్యి ఊపింది. మళ్లీ చతికిలబడ్డాను. ఈసారి పత్తికాయలు ముందు, గునుగు వెనక. అందులో పువ్వు అంతగా మెరవలేదు.

"ఆఁ, గిది నా చేను" అని, కొంగు నడుముకి చెక్కి, పీకడానికి వంగింది.