మందుల మాస్టారు కావలెను

పిల్లకు సంబంధం వెతకడాన్ని మించిన కష్టం లోకంలో లేదని మా నాయనమ్మ అంటూండేది. ఫార్మకాలజీకి ట్యూషను మాస్టారును వెతికే అవసరం ఆవిడకు పడలేదు గనుక అలా అన్నదని నా అభిప్రాయం. పెళ్ళికొడుకును చూడబోయేవాడికి ఏం చూడాలో కొంచెమైనా తెలుస్తుంది. చదువు, కొలువు, కాస్త గుణం, వీలైతే సొంత ఇల్లు. మందుల శాస్త్రం చెప్పే గురువును వెతకబోయేవాడికి, అందులోనూ తెలుగు ఎం.ఏ. చదివి కాలేజీలో యతిప్రాసలు చెప్పుకుంటున్న నాబోటివాడికి, ఎదుటివాడు పండితుడో కాడో తేల్చుకునే దారి ఏముంది? ఆయన 'ఫార్మకోకైనెటిక్స్' అంటాడు. మనం తల ఊపుతాం. అంతే.

మా అక్క కూతురు బి.యస్సీ. నర్సింగు చదువుతోంది. వాళ్ళది నల్లగొండ జిల్లాలో ఒక పల్లె. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంటరులో పుస్తకాలు ఇంగ్లీషువే గాని పాఠం మాత్రం తెలుగులోనే నడిచింది. లాల్ దర్వాజాలో మా ఇంట ఉండి కాలేజీకి వెళ్ళి వస్తూంటుంది. మొదటి ఏడాది ఎలాగో గట్టెక్కింది. మూడో సెమిస్టరులో ఫార్మకాలజీ వచ్చి పడింది. పరీక్ష తప్పింది.

తప్పితే మళ్ళీ రాసుకోవచ్చు, దానికేం? కాని పిల్ల అసలు పుస్తకం ముట్టుకోవడమే మానేసింది. ఒక రాత్రి మా ఆవిడతో, "అత్తయ్యా, నేను ఇంటికి వెళ్ళిపోతాను. నా చేతికి సూది ఇస్తే ఎవరో ఒకరు చచ్చిపోతారు" అన్నదట. ఆ మాట విన్న తరువాత నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు అక్క ఫోను చేసింది. "తమ్ముడూ, చదువు రాకపోతే మాయె, పిల్లనైతే ఏడిపియ్యకుండ్రి. మీ బావ ఒక సంబంధం సుత చూసిండు" అన్నది. అంటే మాకు మూడు నెలలు గడువన్నమాట. ఆలోగా మాస్టారు దొరకాలి, లేదా మేళగాళ్ళు దొరకాలి.

అందరూ చెప్పినట్టే మొదట దిల్‌సుఖ్‌నగరులో ఒక శిక్షణ కేంద్రానికి వెళ్ళాం. ఒక్క గదిలో ఎనభై మంది. అక్కడ మందు పేరు వినగానే నాలుగు జవాబుల్లో ఒకదాని పక్కన గీటు పెట్టడం నేర్పుతారు. గీటు పెట్టడం వచ్చినవాళ్ళకు బాగానే ఉంటుంది. భయం పట్టుకున్న పిల్లకు భయం అలాగే ఉండిపోయింది.

తరువాత ఇంటర్నెట్టులో చూశాను. అందులో ఏ శాస్త్రానికైనా గురువులున్నారు. గంటకు ఇన్ని డాలర్లు. ఒకాయన మహా దయతో, "మీ పాప శ్రమపడనక్కరలేదు, అసైన్‌మెంటు మేమే రాసి ఆమె పేరుతో పంపుతాం" అని వర్తమానం పెట్టాడు. రేపు వార్డులో సూది కూడా మీరే వచ్చి వేస్తారా అని అడుగుదామనుకున్నాను. అవతల మాట్లాడేది మనిషో యంత్రమో తెలియక ఊరుకున్నాను.

మూడోసారి ఫార్మ్.డి. చదివిన కుర్రాడు ఇంటికే వచ్చాడు. తెలివైనవాడు, మర్యాద తెలిసినవాడు. గంటసేపు ఇంగ్లీషులో జలపాతంలా చెప్పుకుపోయాడు. మా పిల్ల "అర్థమైంది సార్" అని పదిహేడుసార్లు అన్నది. పక్క గదిలో పేపర్లు దిద్దుకుంటూ లెక్కపెట్టాను. అతను వెళ్ళాక ఏం అర్థమైందని అడిగితే, "ఏమీ కాలేదు మామయ్యా. కాలేదంటే బాధపడతారని" అన్నది.

ఇక నేనే ఒక ఆదివారం దాని పుస్తకం ముందేసుకున్నాను. విషయం తెలియకపోయినా మాటలు తెలుస్తాయి గదా! కాసేపటికి ఒక సంగతి కంటబడింది. అటెనొలాల్, మెటొప్రొలాల్, ప్రొప్రనొలాల్: మూడింటికీ చివర 'ఒలాల్'. మూడూ గుండె వేగం తగ్గించేవే. ఎనలాప్రిల్, రామిప్రిల్, లిసినోప్రిల్: చివర 'ప్రిల్'. మూడూ రక్తపోటు మందులే. లోసార్టన్, టెల్మిసార్టన్ ఇంకో కుటుంబం. ఇవి మన కృత్తులు, తద్ధితాలే గాని వేరు కాదు! విచారిస్తే తెలిసింది: ప్రపంచ ఆరోగ్య సంస్థ 1953 నుంచి మందులకు అంతర్జాతీయ నామాల జాబితాలు ప్రకటిస్తోంది. ఒక తరగతి మందులకు ఒకే తోక ఉండేటట్టు పేర్లు పెడతారు. దుకాణంలో అట్ట మీద పెద్ద అక్షరాలతో ఉండే పేరు కంపెనీ పెట్టిన ముద్దుపేరు. ఇది అసలు పేరు.

పిల్ల మొహం కొంచెం వికసించింది. ఆ ఉత్సాహంలో ఓమెప్రజోల్, మెట్రోనిడజోల్ రెండింటికీ చివర 'అజోల్' ఉంది గనుక రెండూ చుట్టాలేనన్నది. కావు. మొదటిది కడుపులో ఆమ్లాన్ని తగ్గిస్తుంది, రెండోది క్రిములను చంపుతుంది. తోక పూర్తిగా చూడాలి. 'ప్రజోల్' వేరు, 'నిడజోల్' వేరు. సగం ప్రత్యయం చూసి సమాసం విడదీస్తే మా క్లాసులో మార్కులు పోతాయి. వార్డులో మనిషి పోతాడు. పైగా నా వ్యాకరణం ఎంత దూరం వస్తుంది? ఉబ్బసం ఉన్నవాళ్ళకు ప్రొప్రనొలాల్ ఎందుకు ఇవ్వకూడదో ఏ ప్రత్యయమూ చెప్పదు. దానికి ఊపిరితిత్తుల సంగతి తెలిసినవాళ్ళు కావాలి.

శాలిబండలో మేము మందులు కొనే దుకాణాయన దగ్గర ఈ గోడు వెళ్ళబోసుకున్నాను. డాక్టర్ల చేతిరాత చదవడంలో ఆయన్ను మించిన శాసన పరిశోధకుడు లేడు. మీరే చెప్పకూడదా అంటే నవ్వి, "నాకు అలమార్లు తెలుసు సార్, ఒంట్లో సంగతి తెలీదు. ఒక పెద్దావిడ ఉన్నది. ఇచ్చిన మందు మీద పేరు, బలం, గడువు తేదీ పైకి చదివి, అప్పుడు నన్ను ప్రశ్నలేస్తది. ఆమె వస్తుందంటే నాకే భయం. సర్కారు దవాఖానాలో నర్సుగా చేసి, నర్సింగు పిల్లలకు ట్యూటరుగా రిటైరైంది" అన్నాడు.

ట్యూటరు అనేది నర్సింగు చదువుల్లో ఒక ఉద్యోగం పేరేనని నాకు అప్పుడు తెలిసింది.

చార్మినారు దాటి, మీరాలం మండీ కూరగాయల బండ్ల మధ్యనుంచి దారి చేసుకుని, పురానీ హవేలీ వెనుక గల్లీలో ఆవిడ ఇల్లు పట్టుకున్నాం. డెబ్బై దాటిన మనిషి. తెల్లని దుపట్టా, కళ్ళజోడు, గోడ గడియారం కింద ఒక పాత నల్లబల్ల. పిల్ల 'మేడమ్' అనబోతే, "మేడమ్ నక్కో, ఆపా అను" అన్నది. నన్ను బయటి గదిలో కూర్చోమని పిల్లను పిలిచి మొదటి ప్రశ్న వేసింది. "నీకు దేనికి భయం, బేటీ?"

అన్నిచోట్లా దానికి ఏం రాదో అడిగారు గాని, దేనికి భయమో అడిగినవాళ్ళు లేరు. "ఎక్కువ వేసి చంపేస్తానని" అన్నది పిల్ల. "మంచిది. ఆ భయం ఉంచుకో. లెక్క నేర్చుకుంటే అది పనికొస్తుంది" అన్నది ఆవిడ.

జీతం మాట కదిపితే, మొహమాటం లేకుండా నెలకు రెండు వేలన్నది. "ఊరికే చెప్తే వాన పడ్డరోజు పిల్ల రాదు" అన్నది. నాకు నచ్చింది.

మర్నాడు మా ఇంట్లో ఉన్న మందు సీసాలన్నీ పట్టుకురమ్మన్నది. బల్ల మీద మూడు పారాసిటమాల్ సీసాలు వరసగా పెట్టింది. "పన్నెండు కిలోల పిల్లవాడికి జ్వరం. కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున ఇవ్వమన్నాడు డాక్టరు. ఎంత?" "180 మిల్లీగ్రాములు." "ఎన్ని మిల్లీలీటర్లు పోస్తావు?" పిల్ల చేతికందిన సీసా చూసి 7.2 అన్నది. అది 5 మిల్లీలీటర్లలో 125 మిల్లీగ్రాములున్న సీసా, జవాబు సరే. రెండోది 5 మిల్లీలీటర్లలో 250 ఉన్నది. దానికి 3.6 చాలు. మూడోది పసిపిల్లల చుక్కలమందు, ఒక్క మిల్లీలీటరులోనే 100. దానికి 1.8. "ఈ చిన్న సీసాలోంచి 7.2 పోశావనుకో, 720 మిల్లీగ్రాములు. నాలుగింతలు. మందు అదే, రోగం అదే, డాక్టరు రాసిందీ అదే. తప్పు ఎక్కడుంది?" పిల్ల సీసా కేసి చూస్తూ కూర్చుంది. ఆ రోజుకు పాఠం అంతే.

సరైన మనిషికి, సరైన మందు, సరైన మోతాదు, సరైన దారిన, సరైన వేళకు: ఈ అయిదింటినీ నర్సుల పుస్తకాలన్నీ చెబుతాయి. ఆవిడ వాటిని పిల్ల చేత తెలుగులో, తనకు పాఠం చెప్పినట్టు చెప్పించుకునేది. "నాకు తెలుగు సగమే వచ్చు. నాకు అర్థమయ్యేటట్టు చెప్పావంటే నీకు వచ్చినట్టే" అనేది. ఇంగ్లీషు మాటలు చివర వచ్చి చేరేవి. ఇదేమీ వింత కాదు. హైదరాబాదు వైద్య పాఠశాల 1846 లో మొదలైనప్పుడు పాఠాలు ఉర్దూలోనే చెప్పారు.

ఒకనాడు క్లోరోఫారం సంగతి వచ్చింది. అప్పుడు ఆ పాఠశాలకు పెద్ద ఎడ్వర్డ్ లారీ అనే దొర. క్లోరోఫారం ఇచ్చేటప్పుడు ఊపిరి ఒక్కటే కనిపెట్టి ఉంటే చాలు, గుండెకు ప్రమాదం లేదని ఆయన వాదం. దాన్ని తేల్చడానికి 1888 లోనూ, 1889 లోనూ ఈ నగరంలోనే రెండు కమిషన్లు వేశారు. రెండోదానికి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వెయ్యి పౌన్లు ఇస్తే, లండను నుంచి లాడర్ బ్రంటన్ వచ్చాడు. లారీతో ఏకీభవించనివాడుగా వచ్చి, వందలకొద్దీ జంతువుల మీద పరీక్షలు చూశాక, ఒప్పుకుంటున్నానని తంతి కొట్టాడు. 1911 లో లెవీ అనే ఆయన పిల్లుల మీద పరీక్షించి, క్లోరోఫారం మత్తు తేలికగా ఉన్నప్పుడే గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోవచ్చునని చూపించాడు.

ఆపా దీన్ని రెండు ముక్కల్లో చెప్పింది: "పెద్ద దొర ఊపిరి చూడమన్నాడు. సగం నిజం. నువ్వు నాడి కూడా చూడు." ఆ పాఠశాలలోనే చదివి, ఈ నగరంలోనే క్లోరోఫారం ఇచ్చిన రూపాబాయి ఫర్దూన్‌జీ లోకంలోని తొలి మహిళా మత్తు వైద్యులలో ఒకరని కూడా చెప్పి పంపింది. పిల్ల ఇంటికి వచ్చి ఆ పేరు గోడ మీద క్యాలెండరు పక్కన రాసుకుంది.

పరీక్ష ఇంకా మూడు వారాలుందనగా ఎదురింటి పెద్దమ్మకు కీళ్ళవాతానికి మందులు తెచ్చారు. ఎప్పుడు ఏది వేసుకోవాలో అడగడానికి ఆవిడ మా పిల్ల దగ్గరకు వచ్చింది. రెండు అట్టలు, రెంటిలోనూ పసుపుపచ్చని చిన్న బిళ్ళలు. ఒకటి మెథోట్రెక్సేట్, రెండోది ఫోలిక్ యాసిడ్. కొన్నచోట ఎవరో మొదటి అట్ట మీద పెన్నుతో 'రోజుకు ఒకటి' అనీ, రెండోదాని మీద 'ఆదివారం' అనీ గీశారు.

పిల్ల డాక్టరు చీటీ తీసుకుని రెండుసార్లు చదివింది. పైకి చదివింది. తరువాత, "పెద్దమ్మా, ఇప్పటికి ఎన్ని వేసుకున్నారు?" అని అడిగింది. రెండు రోజులు, రెండు బిళ్ళలు. "ఇది వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే ఎముకలలో రక్తం తయారు కావడం ఆగిపోతుంది. చీటీలో సరిగ్గానే ఉంది, అట్టల మీద తారుమారు చేశారు" అన్నది. మందు ఆపమని తానే చెప్పెయ్యలేదు. వెంటనే ఆ ఇంటి కోడలి చేత డాక్టరుకు ఫోను చేయించింది. డాక్టరు ఆ బిళ్ళలు ఆపించి, రక్తపరీక్ష రాశారు. ఏమీ కాలేదు. పెద్దమ్మ ఇప్పటికీ మా అరుగు మీదే కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

ఆ రాత్రి పిల్ల చేతులు వణకడం చూశాను. అయినా పుస్తకం తెరిచే ఉంది. నేనూ ఒక కథ చెప్పాను. 1895 లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధన నడిపించారు. ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసిందీ, దానికి అడ్డుకట్ట వేసే మెథోట్రెక్సేట్‌ను పుట్టించిందీ 1940లలో ఆయన బృందమే. ఆ రెండు పచ్చబిళ్ళలూ ఒకే ఇంటి పిల్లలన్నమాట. ఒకదాని దెబ్బ కాచడానికి రెండోది. "అందుకేనా రెండూ రాశారు!" అన్నది పిల్ల. ఆ 'అందుకేనా' కోసమే నేను మూడు నెలలు ఊరంతా తిరిగింది.

పరీక్ష పాసయింది. గొప్ప మార్కులేమీ కావు. సంబంధం మాట ఇప్పుడు ఎవరూ ఎత్తడం లేదు. పోయిన వారం బావే ఫోను చేసి, తన రక్తపోటు బిళ్ళ పేరు చెప్పి, "చివర 'ప్రిల్' అని ఉన్నది, ఇది ఏ కులం బిడ్డా?" అని కూతుర్ని అడిగాడు.

ట్యూషను మాస్టారు కోసం తిరుగుతున్న తల్లిదండ్రులకు నేను తెలుసుకున్నది చెబుతాను. మొదటి రోజు ఎవరు ఎక్కువ మాట్లాడుతున్నారో పక్క గదిలోంచి వినండి. పిల్ల గొంతు వినిపించకపోతే ఇంకొకరిని చూడండి. పిల్లకు బదులు తామే రాసిపెడతామనేవాళ్ళను గడప ఎక్కనివ్వకండి.

ఆపా దగ్గర ఇప్పుడు అయిదుగురు ఆడపిల్లలు చదువుకుంటున్నారు. ఆరో పీటకు ఆ గదిలో చోటు లేదు. కాబట్టి చిరునామా అడుగుతూ నాకు ఉత్తరాలు రాయవద్దని మనవి.