సేవ మీద చదువులు

మేనేజ్‌మెంట్ చదువుతున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఈ భాగం మీకోసం. సర్వీసెస్ పేపర్లో కులం ఎక్కడుందని మీలో చాలామంది అడుగుతున్నారు.

సేవ మీద ఆలోచనల చరిత్రను చాలామంది ఆడం స్మిత్‌తో మొదలుపెడతారు. 1776లో ఆయన ఇంటి పనివాళ్ల శ్రమని ఉత్పాదకం కాని శ్రమల్లో చేర్చాడు. చేసిన క్షణంలోనే మాయమైపోతుందని కారణం. (లాయర్లనీ డాక్టర్లనీ కూడా అదే గంపలో వేశాడు లెండి.) ఆ తర్వాత చాలాకాలం వస్తువుదే రాజ్యం. 1977లో లిన్ షోస్టాక్ అనే బ్యాంకు అధికారి, వస్తువులు అమ్మే సూత్రాలు సేవలకి పనికిరావని వ్యాసం రాసింది. 1985లో జైథమల్, పరశురామన్, బెరీ సేవకి నాలుగు లక్షణాలు చెప్పారు: ముట్టుకోలేం, చేసేవాళ్ల నుంచి విడదీయలేం, ప్రతిసారీ ఒకేలా ఉండదు, నిలవ చేయలేం.

మొదటి రెండూ చదివినప్పుడు నాకు మా తాత గుర్తొచ్చాడు. ఊరికి చెప్పులు కుట్టాడు, మోటలు కుట్టాడు, చచ్చిన గొడ్డుని మోశాడు, చావుకి డప్పు కొట్టాడు. ఆయన కుట్టిన చెప్పుని ఊరు కాలికి తొడుక్కుంది. ముట్టుకోనిది ఆయన్ని. ఇక విడదీయలేకపోవడం అంటారా, డప్పు మానేసి ముప్పై ఏళ్లయినా మా ఇంటిని ఆ పని పేరుతోనే పిలిచారు.

1988లో అదే పరశురామన్ బృందం సర్వ్‌క్వాల్ అనే కొలబద్ద తెచ్చింది. 22 అంశాలు. కస్టమర్ ఏం ఆశించాడు, ఏం దొరికింది, తేడా ఎంత. ఉద్యోగి బట్టలు నీటుగా ఉన్నాయా అన్నది కూడా అందులో ఉంది. ఇవాళ డెలివరీ కుర్రాడికి మనం నొక్కే స్టార్లు దీని చుట్టాలే. చేసేవాళ్ల వైపు నుంచి చూడటానికి సోషియాలజీలోకి వెళ్లాలి: విమాన పరిచారికల నవ్వు కూడా కూలి పనేనని ఆర్లీ హాక్‌షీల్డ్ 1983లోనే రాసింది.

2004లో వర్గో, లుష్ ఇంకో మలుపు తిప్పారు. అన్ని మార్పిడులూ సేవకి సేవేనట, విలువని ఇద్దరూ కలిసి సృష్టిస్తారట. అందరూ కొత్త మాట అన్నారు. కానీ 1936లోనే విలియం వైజర్ అనే అమెరికన్ మిషనరీ ఉత్తరప్రదేశ్‌లోని ఒక ఊరి జజ్మానీ పద్ధతి మీద పుస్తకం రాస్తూ, ఒక కులం ఇంకో కులానికి వంతులవారీగా సేవ చేసుకుంటుందని చెప్పాడు. అందంగా ఉంది కదా! అదే 1936లో అంబేడ్కర్, కులం పని విభజన మాత్రమే కాదు, పనిచేసేవాళ్ల విభజన కూడా అన్నాడు. వైజర్ చూసిన పరస్పరతలో దోపిడీ ఉందని అకడమిక్ పద్ధతిలో బైడెల్‌మన్ వాదించేసరికి 1959 వచ్చింది. ఈ చర్చంతా ఆంత్రోపాలజీలోనే ఉండిపోయింది. నేను చదివిన మార్కెటింగ్ పాఠాల్లో దాని ఊసే లేదు.

ఒక ఏడు జ్వరమొచ్చి తాత డప్పుకి పోలేదు. కల్లం దగ్గర మేర గింజలు కొలవలేదు. సేవకి సేవ అనే సిద్ధాంతాన్ని నేను అక్కడి నుంచి చదువుతాను: వద్దనే వీలు ఎవరికుంది?

ప్రాజెక్టులు చేసేవాళ్లు ఆ 22 అంశాలూ కస్టమర్‌నే అడగండి, తప్పు లేదు. ఆ తర్వాత ఊడ్చే కాంట్రాక్టు కార్మికురాలిని ఇంకొకటి అడగండి: ఈ పని చేయనంటే ఏమవుతుందమ్మా? అడిగేటప్పుడు మేస్త్రీ పక్కన లేకుండా చూసుకోండి.