అత్తగారి కంట్లో పసుపు చుక్కలు

మా అత్తగారు బియ్యంలో రాళ్ళు ఏరలేకపోతుంటే శుక్లాలే అనుకున్నాం. చల్లపల్లి నుంచి విజయవాడ తీసుకెళ్ళాం. చుక్కల మందు వేసి, కంటిపాప పెద్దదయ్యాక డాక్టరమ్మ రెటీనా ఫొటో చూపించారు. అక్కడక్కడా పసుపు చుక్కలు! షుగరుకి దెబ్బతిన్న సన్నటి రక్తనాళాలు కారితే, రక్తంలోని కొవ్వు అలా పేరుకుంటుందట.

"షుగరు రిపోర్టు సరే, కొలెస్ట్రాల్‌ది ఏదమ్మా?"

మూడేళ్ళుగా చేయించనేలేదు. అన్నం దగ్గర ఆవిడతో పోట్లాడిన నేను, గారెల దగ్గర ఊరుకున్నాను.

ఇంటికొచ్చి చదివాను. 2010లో వచ్చిన అకార్డ్ ఐ అధ్యయనంలో, స్టాటిన్‌తోపాటు ఫెనోఫైబ్రేట్ వాడినవాళ్ళలో నాలుగేళ్ళలో రెటీనా జబ్బు ముదిరింది 6.5 శాతం మందికి, స్టాటిన్ ఒక్కటే వాడినవాళ్ళలో 10.2 శాతం మందికి. మాత్ర సంగతి డాక్టరే చెప్పాలనుకోండి.

నిన్న పరగడుపున లిపిడ్ పరీక్షకి బయల్దేరదీశాను.

"కంటికి జబ్బయితే చేతికి సూదేంటే?" అని గొణుగుతూనే చెప్పులేసుకున్నారు.