పాకం కాస్త ముదిరింది

చెనిక్కాయ ఉండలు చేయడం చేతగాని ఆడది మా చిత్తూరు వైపు ఉండదంటారు. ఉంటే ఆ ఒక్కతెనూ నేనే. తిరుపతిలో కాపురం పెట్టి నలభై ఏళ్ళు దాటింది. అయినా బెల్లం బాణలి పొయ్యి మీద పెట్టగానే ఇప్పటికీ గుండె దడదడ కొట్టుకుంటుంది. "ఉండలు చేస్తున్నావా, మేకులు కొట్టుకునేందుకు సుత్తులు చేస్తున్నావా?" అని మావారి వేళాకోళం. ఆయన పళ్ళు ఆయనవి, ఆయన భయం ఆయనది. అనుకోనివ్వండి.

మొన్న మనవరాలు హాస్టలుకు ప్రయాణమవుతూ, "అవ్వా, అంగట్లో పట్టీలు వద్దు. నువ్వే ఉండలు చేసియ్యి" అంది. కాదనడానికి నోరు రాలేదు.

ముందు గింజలు ఏరాలి. ముడుచుకున్నవీ, నల్లబడినవీ, బూజు వాసన వచ్చేవీ నిర్దాక్షిణ్యంగా పారెయ్యాలి. ఇది చాదస్తం కాదు సుమండీ. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు ఉన్నట్టుండి చచ్చిపోతే, కారణం వెతుక్కుంటూ వెళ్ళినవాళ్ళకు అవి తిన్న చెనిక్కాయ చెక్కలోని బూజు విషం దొరికింది. వేయించినంత మాత్రాన ఆ విషం పూర్తిగా పోదు. కనుక ఏరేటప్పుడు పిసినారితనం పనికిరాదు.

ఏరిన గింజల్ని సన్నటి సెగ మీద ఓపికగా వేయించాలి. మా అమ్మ ఇసుకలో వేయించేది. ఇసుక వేడి గింజకు అన్ని వైపులా సమంగా తగులుతుంది, మాడదు. చల్లారాక అరచేతుల మధ్య నలిపి, చేటలో చెరిగితే ఎర్రటి పొట్టు ఎగిరిపోయి తెల్లటి పప్పు మిగులుతుంది. ఈ పొట్టు సంగతి గుర్తుంచుకోండి. దీనితో మళ్ళీ పని ఉంది.

రెండు గిన్నెల పప్పుకు గిన్నెంపావు బెల్లం. తెల్లగా మెరిసే బెల్లం చూసి మోజు పడకండి. ఆ తెలుపు కోసం మందులు కలిపేవాళ్ళున్నారు. చిత్తూరు మండీకి వచ్చే నల్లబెల్లమే రుచి. కొంచెం నీళ్ళు పోసి కరిగించి, నలుసులు పోయేట్టు వడగట్టి, మళ్ళీ పొయ్యెక్కించాలి. ఇక్కణ్ణుంచే నా కష్టాలు. నురుగు పెద్ద బుడగల నుంచి చిన్న బుడగలకు దిగేవేళ పక్కన చన్నీళ్ళ పళ్ళెం పెట్టుకుని చుక్క వేసి చూడాలి. నీళ్ళలో కరిగిపోతే ఇంకా లేత. ముద్దయి వేలికి మెత్తగా తగిలితే అది అరిసెల పాకం. ఆ చుక్క గట్టిపడి, తీసి పళ్ళెం అంచున కొడితే టంగుమనాలి. అప్పుడు పొయ్యి ఆర్పి, పప్పూ, చిటికెడు యాలకుల పొడీ వేసి కలపాలి. టంగుమన్న తర్వాత ఇంకొక్క నిమిషం ఉంచారా, చేదు. ఒక్క నిమిషం ముందు దించారా, రెండో రోజుకు చెమ్మ పట్టి సాగుతుంది.

కూతురు అమెరికా నుంచి పాకం వేడి చూసే కడ్డీ ఒకటి తెచ్చింది. 150 డిగ్రీల దగ్గర ఆపమంది. పంచదారకు బాగానే పనిచేసింది. బెల్లం ఏ రెండు అచ్చులూ ఒక్కలాగ ఉండవు కదా! కడ్డీని డబ్బాలో పెట్టి మళ్ళీ చన్నీళ్ళ పళ్ళెమే తెచ్చుకున్నాను.

అసలు నాకీ పాకమంటే భయం ఎందుకో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

1972లో నేను ఇంటర్మీడియట్ చదువుకు తిరుపతి వచ్చాను. మా పల్లె పాకాలకు నాలుగు మైళ్ళు. మూడెకరాల మెట్ట, వాన మీద ఆధారం. ఆ ఏడు దేశంలో చాలాచోట్ల వానలు మొహం చాటేశాయి. జూన్‌లో ఒక జల్లు పడితే నమ్మి, ఇంటిల్లిపాదీ కూర్చుని విత్తనపు కాయలు ఒలిచాం. బొటనవేళ్ళు వాచిపోయాయి. ఒలిచిన గింజ ఎక్కువ రోజులు నిలవదు, మొలకశక్తి తగ్గిపోతుంది. చెనిక్కాయ విత్తడమంటే గుప్పెడు చల్లడం కాదు. ఎకరాకు 50, 60 కిలోల పప్పు కావాలి. ఆ మూటలు నడవలో పెట్టుకుని నాయన రోజూ పడమటి దిక్కు చూసేవాడు. వాన లేదు. అంగట్లో గింజ కొందామంటే చేతిలో డబ్బూ లేదు.

నా ప్రయాణం దగ్గరపడింది. హాస్టల్లో అందరి పెట్టెల్లోనూ తినుబండారాలుంటాయనీ, నా పెట్టె ఖాళీగా ఉంటే చిన్నతనమనీ నేనే రెండు రోజులు మూతి ముడుచుకున్నాను. పదహారేళ్ళ వయసు. మూటల్లో ఉన్నది ఏమిటో నాకు తెలియదని ఎలా చెప్పను? తెలుసు.

బయలుదేరే రోజు తెల్లవారుజామున అమ్మ ఒక డబ్బా తెచ్చి నా పెట్టెలో బట్టల కింద పెట్టింది. మూత తీయకుండానే బెల్లం వాసన వచ్చింది. "అరవొద్దు" అంది, అంతే. నాయన బండి కట్టి పాకాల స్టేషనుకు తీసుకువచ్చాడు. దారి పొడవునా ఒక్క మాట లేదు. మీటర్ గేజి పాసింజరు వచ్చాక పెట్టె ఎక్కించి, "జాగ్రత్తమ్మణ్ణీ" అన్నాడు. చంద్రగిరి కోట కనిపించేదాకా నేను కొత్త చెప్పుల్ని చూసుకుంటూ కూర్చున్నాను.

ఉండలు ఒక్క సాయంత్రంలో అయిపోయాయి. బాగా గట్టిగా ఉన్నాయి, కొంచెం చేదు కూడా. ఒక అమ్మాయి తలుపు సందులో పెట్టి పగలగొట్టుకుంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ రాత్రి ఇంటికి కార్డు వ్రాశాను. క్షేమసమాచారాలన్నీ వ్రాసి, చివర, "ఉండలు అందరూ తిన్నారు. పాకం కాస్త ముదిరింది. ఈసారి చూసుకుని చెయ్యి" అని ఒక వాక్యం తగిలించాను.

దసరాకు ఇంటికి వెళ్ళినప్పుడు తమ్ముడు చెప్పాడు. అమ్మ రెండు పళ్ళ విత్తనాలు తీసి, నాయన నిద్రపోయాక, వెలుతురు కనబడితే లేస్తాడని దీపం కూడా లేకుండా పొయ్యి మంట వెలుగులోనే పాకం పట్టిందట. పళ్ళెంలో చుక్క వేసి చూడటానికి కంటికి ఆనితే గదా! అంచున కొడితే చప్పుడవుతుందన్న భయం ఒకటి. పొట్టు చెరిగింది పెరట్లో, చీకట్లో. తెల్లవారేసరికి గాలికి ఆ ఎర్రటి పొట్టు కొట్టం దాకా పరుచుకుంది. విత్తనానికి ఎవరూ పొట్టు తీయరు. నాయన ఎద్దులు విప్పడానికి వెళ్ళి చూశాడు. నన్ను స్టేషనులో దింపి ఇంటికి వచ్చింది మొదలు అమ్మతో మాట మానేశాడు. వారం రోజులట.

అప్పుడు నా కార్డు చేరింది. అమ్మకు చదువు రాదు. నాయన తిన్నె మీద కూర్చుని ఉండగా తమ్ముడు పైకి చదివాడు. ఆ చివరి వాక్యం కూడా చదివాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోబోయిందట. నాయన అప్పుడు నోరు విప్పాడు.

"దీపం పెట్టుకోని చేసుంటే ముదరదు గదమే. నేనేమన్నా వద్దంటానా?"

వాన ఆగస్టు చివర పడింది. మడక వెనక సాల్లో గింజలు వేసుకుంటూ పోయిన అమ్మకు గట్టు పక్కన పది పన్నెండు సాళ్ళకు విత్తనం చాలలేదు. అక్కడ నాయన ఉలవలు చల్లాడు. ఆ ఏడు చెనిక్కాయ చెట్టుకు నాలుగు కాయలు కూడా నిలవలేదు. ఉలవలే కాస్త పండాయి. దసరాకు నేను వెళ్ళేసరికి ఆ ముక్క ఒకటే పచ్చగా కనబడింది. ఎందుకని అడిగింది నేనే.

ఆ కార్డు మాట అమ్మ దగ్గర ఎత్తడానికి నాకు పాతికేళ్ళు పట్టింది. కంటి ఆపరేషనుకు తిరుపతి వచ్చి మా ఇంట్లో ఉన్నప్పుడు అడిగాను. కట్టుతో మంచం మీద పడుకుని ఉంది. "ముదిరిందని రాస్తే ముదిరినట్టే గదా! అబద్ధం రాస్తివా?" అని నవ్వింది. తర్వాత వంటింట్లోంచి చప్పుడు విని, "ఏందది, పాకమా? ఇంగ దించు. బుడగ మాట మారిండాది" అని కేకేసింది. పరుగెత్తి దించాను. ఆ ఒక్కసారే నాకు సరిగ్గా కుదిరింది.

ఇన్ని చెప్పి ఒక మాట మరిచాను. తమిళుల కోవిల్‌పట్టి చెనిక్కాయ మిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మావారు ఒక పొట్లం తెప్పించారు. పాకం అమోఘం, ఒప్పుకోవలసిందే. పీలేరు గింజకూ చిత్తూరు బెల్లానికీ ఆ యోగం ఎప్పుడో!

మనవరాలి ఉండలు పగలే చేశాను, దీపం కూడా వేసుకుని. చేతులకు తడి చేసుకుని వేడి వేడిగా కడుతూంటే అరచేతులు ఎర్రబడ్డాయి. ఆఖరి నాలుగూ బాణలిలోనే బిగుసుకుపోతే మళ్ళీ వేడి చేసి ఊడదీయవలసి వచ్చింది. డబ్బాలో నలభై రెండు పట్టాయి. మిగిలిన వాటిలో ఒకటి మావారు నోట్లో వేసుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. బాగున్నాయనో, దవడ కదలడం లేదో ఇంకా తెలియలేదు.