చెడ్డీ కెప్టెన్, మన పిల్లలు

ఈసారి పోస్టు స్కాలర్‌షిప్ గురించి కాదు, నోటిఫికేషన్ గురించీ కాదు. ఒక చెడ్డీ హీరో గురించి. నవ్వినా పర్లేదు, ఆ పుస్తకం రాసిందే అందుకు.

పేరు 'కెప్టెన్ అండర్‌ప్యాంట్స్'. అమెరికాలో డేవ్ పిల్కీ అనే ఆయన రాసి, బొమ్మలూ తనే వేశాడు. మొదటి భాగం 1997లో వచ్చింది. జార్జ్, హెరాల్డ్ అని నాలుగో క్లాసు అల్లరి పిల్లలు ఇద్దరు. బొమ్మల కథలు గీసి స్కూల్లో అమ్ముకుంటుంటారు. వాళ్ల హెడ్మాస్టరు క్రప్ సారుకు పిల్లలు నవ్వితే గిట్టదు. వీళ్లు ఒక ఉంగరం తెప్పించి, ఆయన్ని హిప్నటైజ్ చేసి, నువ్వే మా కథలో హీరోవి అంటారు. అంతే! సారు బట్టలన్నీ విప్పేసి, చెడ్డీ మీద, మెడకు కర్టెన్ కట్టుకుని దొంగల్ని పట్టడానికి రోడ్డెక్కుతాడు. మొదటి భాగంలో ఆయనకు ఏ శక్తీ లేదు, ధైర్యం తప్ప. తర్వాతి భాగాల్లో చిటికె వేస్తే హీరో, నెత్తిన నీళ్లు పడితే మళ్లీ సారు.

మా డిగ్రీ హాస్టల్ వాళ్లం నలుగురం సెలవులకు ఊరెళ్లినప్పుడు పిల్లలకు ఇది చదివి చెప్పాం. ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి, అక్కడ్నించి కోయలోకి. మా ఇళ్లలో కాలేజీ గడప తొక్కిన మొదటోళ్లం మేమే. చిన్నప్పుడు అమ్మలు కథలు చెప్పారు గానీ, పుస్తకం పట్టుకుని చదివి చెప్పినోళ్లు ఎవరూ లేరు.

నిజం చెప్పాలంటే టాయిలెట్ జోకులు కొంచెం ఎక్కువే. కానీ జార్జ్, హెరాల్డ్ గీసిన బొమ్మల కథలు మధ్యలో ఉంటాయి, వాటి నిండా స్పెల్లింగు తప్పులు. రచయిత కావాలనే అలా ఉంచాడు. "అన్నా, ఇంగ్లీషోళ్ల పిల్లలు కూడా తప్పులు రాస్తారా?" అని ఒకడు అడిగాడు. ఆ మాట మాకు గట్టిగా తగిలింది. తప్పు పడుద్దని ఇంగ్లిష్ క్లాసులో నోరు మూసుకుని కూర్చున్న సంవత్సరాలు మాకూ ఉన్నాయి కదా. పిల్కీకి చిన్నప్పుడు అక్షరాలు సరిగా పట్టుబడని డిస్‌లెక్సియా. కుదురుగా కూర్చోలేడని టీచర్లు వరండాలోకి పంపేస్తే, రెండో క్లాసులో అక్కడే ఈ హీరోని గీశాడు.

ఇదేం చదువు అని మా దగ్గరా ఒక పెద్దాయన విసుక్కున్నాడు. అమెరికాలోనూ అంతేలెండి. 2012, 2013లో లైబ్రరీల్లో వద్దని అక్కడ ఎక్కువ అభ్యంతరాలు వచ్చిన పుస్తకాల జాబితాలో ఈ సిరీస్‌దే మొదటి స్థానం.

"ఇద్దరూ మగపిల్లలేనా?" అని ఆడపిల్లలు అలిగారు. అలిగి ఊరుకోలేదు, సొంత కథ మొదలుపెట్టారు. హీరో పేరు కెప్టెన్ దుప్పటి, ఆరో క్లాసు అమ్మాయి. మెస్ గంట వినబడగానే హాస్టల్ దుప్పటి మెడకు కట్టుకుని ఎగురుతుంది. విలన్ ఎద్దంత దోమ. ఒకడి రక్తం తాగబోతే, మలేరియా టెస్టుకని ఏఎన్ఎమ్ అక్క ముందే తీసుకుపోయిందట, ఏం మిగల్లేదట! వార్డెన్ సారు మంచం కింద దాక్కుంటాడు. ఆ పేజీ ఆయనకింకా చూపించలేదు.

దోమ మాటలన్నీ కోయలో, తెలుగు అక్షరాల్లో రాసింది ఒక చెల్లి. క్లాసులో లేపి నిలబెట్టినా పలకని పిల్ల. కొన్ని పలుకులకు అక్షరం దొరక్క తనే ఏదో గుర్తు పెట్టుకుంది. మేం దిద్దలేదు. దోమ గొంతు పెట్టి అందరి ముందూ చదివింది, రెండుసార్లు.

ఇప్పటికి పన్నెండు పేజీలయ్యాయి. పండక్కి మా వైపు వచ్చేవాళ్లు స్కెచ్ పెన్నులు తెచ్చిపెట్టండి, నల్లది అయిపోయింది. దోమ తెర చింపుకుని పారిపోయింది కాబట్టి రెండో భాగం కూడా ఉందట.