ఆ దినాల్లో చేతి బలం

హైజ్ దినాల్లో స్త్రీకి నమాజ్ లేదు. తప్పిన నమాజులను తరువాత నెరవేర్చనక్కరలేదు. రమజాన్ ఉపవాసాలు మాత్రం తరువాత పాటించాలి. ఇది అల్లాహ్ కారుణ్యంతో ఇచ్చిన సడలింపు. అయితే మన ఇళ్లలో కొందరు పెద్దలు దానికి మరో అర్థం కూడా చేర్చారు. ఆ రోజుల్లో ఆడపిల్ల ఒంట్లో సత్తువ ఉండదట, బరువెత్తితే గర్భసంచి జారుతుందట.

మా ఇంట్లో ఈ నమ్మకం ఖరీదైనది. మా అత్తగారు పక్షవాతంతో మంచాన ఉన్నారు. ఇద్దరు పట్టుకుంటే గాని ఆమెను చక్రాల కుర్చీలోకి చేర్చలేము. అందుకు కాళ్లలో బలం కావాలని, ఫిజియోథెరపిస్టు నాకూ మా అమ్మాయికీ కుర్చీలోంచి లేచి కూర్చునే వ్యాయామం నేర్పారు. నెలకు అయిదారు రోజులు అది మానుకోవాలని మా ఆడపడుచు పట్టు. (నీళ్ల బిందెలు మోయడం మాత్రం ఆ రోజుల్లో ఎవరూ మానిపించలేదు!)

శాస్త్రజ్ఞులు ఈ విషయాన్ని కొలిచి చూశారు. నెలసరి మొదటి రోజుల్లో ఈస్ట్రోజన్, ప్రొజెస్టరాన్ రెండూ తక్కువగా ఉంటాయి. అండం విడుదలకు ముందు మొదటిది, ఆ తరువాత రెండవది పెరుగుతుంది. 2020లో 78 అధ్యయనాలను కలిపి పరిశీలించగా, మొదటి రోజుల్లో వ్యాయామ సామర్థ్యంలో కనిపించిన తగ్గుదల లెక్కకు రానంత స్వల్పమని తేలింది. కండర బలంపై 2023లో వెలువడిన సమీక్షకు ఆ మాత్రం తేడాకు కూడా ఆధారం దొరకలేదు. గర్భసంచి జారడానికి ముఖ్య కారణాలు కాన్పులు, వయసు, ఏళ్ల తరబడి శరీరంపై పడే శ్రమ. నెలసరి తేదీకి అందులో పాత్ర లేదు.

హజ్ ప్రయాణంలో సరిఫ్ వద్ద హజ్రత్ ఆయిషా (రజి)కు హైజ్ వచ్చింది. కాబా ప్రదక్షిణ తప్ప హాజీలు చేసేవన్నీ చేయమని దైవప్రవక్త (స) ఆమెకు చెప్పారు. అరఫాత్, ముజ్దలిఫా, మినా ప్రయాణాల శ్రమ తక్కువదేమీ కాదు. మరోసారి ఆయన (స) చాప అందించమన్నప్పుడు ఆమె తన స్థితిని విన్నవించుకోగా, హైజ్ ఆమె చేతిలో లేదు కదా అన్నారు. ఆ మాట శుద్ధిని గురించినదే. అయినా అత్తగారి భుజం కింద చేయి వేసినప్పుడల్లా నాకది జ్ఞాపకం వస్తుంది.

నొప్పి అబద్ధమని నేననను. కడుపునొప్పితో నిద్రలేని పిల్లను ఆ పూట పడుకోనివ్వాలి. నిజంగా కలవరపెట్టవలసినది రక్తహీనత. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. నెలనెలా రక్తం ఎక్కువగా పోతే ఇనుము తరుగుతుంది. ఆయాసం, నీరసం నెలంతా వెంటాడుతాయి. నీరసాన్ని తేదీ మీదికి నెట్టేసే ఇంట్లో రక్తపరీక్ష మాటే ఎవరికీ తోచదు. మా అమ్మాయికి హిమోగ్లోబిన్ 9.8 వచ్చింది. ఇప్పుడు డాక్టరమ్మ చెప్పినట్టు ఇనుము మాత్రను నిమ్మరసంతో వేసుకుంటోంది. చాయ్ గంట తరువాతే.