ఇరవై రాస్తే పది వస్తాయి

ఉద్యోగం చేస్తూ సప్లై చైన్‌లో పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ చేద్దామనుకునేవాళ్లు ముందు ఫీజు, సీటు, గైడు గురించి వాకబు చేస్తారు. నేనూ అదే చేశాను. తేల్చవలసిన ప్రశ్న ఏమిటో మాత్రం ఆలోచించలేదు. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. అందులో మంచి కాలమంతా ఈ నిర్లక్ష్యానికే పోయింది.

మందుల కంపెనీలో డిస్ట్రిబ్యూషన్ చూసే ఉద్యోగం నాకు హైదరాబాద్ అమీర్‌పేట చలవే. మైత్రివనం పక్క సందుల్లో ఎస్‌ఏపీ నేర్చుకున్నాను. ఇంటర్వ్యూలో అడిగే ప్రశ్నలు జవాబులతో సహా జిరాక్స్ షాపులో దొరికేవి. ఉద్యోగానికి ఆ చదువు సరిపోయింది. పరిశోధనకూ అదే పద్ధతి పనికొస్తుందనుకున్నాను.

'ఔషధ సరఫరాలో సమాచార మార్పిడి' అని అంశం పెట్టుకుని, ఒకటి నుంచి ఐదు దాకా టిక్కు పెట్టే ప్రశ్నావళి తయారుచేశాను. మా రెప్‌ల చేత స్టాకిస్టులకు, మెడికల్ షాపులకు పంపించాను. చాలామంది నాలుగో గడిలో టిక్కు పెట్టి తిరిగిచ్చారు. సరుకిచ్చే కంపెనీ మనిషి ఎదురుగా నిలబడి ఉంటే, ఆ కంపెనీ సమాచారం సరిగా ఇవ్వదని ఎవరు రాస్తారు? అంత తేలికైన సంగతి నాకు తట్టలేదు. ప్రాజెక్టులు చేసిపెట్టే ఒక సెంటర్‌లో ఎస్‌పీఎస్‌ఎస్ పట్టికలు వేయించుకుని రివ్యూకి వెళ్లాను.

"సమాచారం బాగానే అందుతోందని అందరూ అంటున్నారు. మరి షార్టేజీలు ఎందుకొస్తున్నాయి?" అని కమిటీలో ఒకరు అడిగారు. నాకు నోరు పెగల్లేదు.

ఈసారి ఫారాలేవీ పట్టుకెళ్లకుండా పంజాగుట్టలో నిమ్స్ ఆసుపత్రి దగ్గరున్న ఒక మెడికల్ షాపులో కూర్చున్నాను. ఒక ఇంజెక్షన్ షార్ట్‌లో ఉంది. ఓనరు ఆర్డర్ పుస్తకంలో దాని పేరు ఎదురుగా ఇరవై అని రాశాడు. వారానికి ఎన్ని పోతాయని అడిగాను.

"పది పోతయ్ సార్. పది రాస్తే ఐదే ఇస్తరు. అందుకే ఇరవై రాస్తం."

"స్టాక్ ఫుల్లుగా వచ్చినప్పుడో?"

"మిగిలింది వద్దంటం."

రోజూ ఆఫీసులో నేను చూసే ఆర్డర్ అంకెల గుట్టు అదీ. ఆ ఇరవైని మేం గిరాకీ అనుకుంటాం, స్టాకిస్టు ఇంకొంచెం కలుపుతాడు, ఫ్యాక్టరీ ఉత్పత్తి పెంచుతుంది. కొరత తీరగానే ఆర్డర్లు రద్దవుతాయి. మిగిలిన సరుకు కొన్నాళ్లకు ఎక్స్‌పైరీ అయి వెనక్కొస్తుంది. దీన్ని బుల్‌విప్ ఎఫెక్ట్ అంటారు. హావ్ లీ, పద్మనాభన్, వాంగ్ 1997లో దీనికి నాలుగు కారణాలు చూపించారు: కింది నుంచి వచ్చే ఆర్డర్లనే చూసి అంచనాలు మార్చుకోవడం, ఆర్డర్లను పోగుచేసి ఒకేసారి పెట్టడం, స్కీములున్నప్పుడు ఎగబడి కొనడం, కొరతలో ఎక్కువ రాయడం. ఆ వ్యాసాన్ని నా సాహిత్య సమీక్షలో ఉటంకించాను కూడా. కొరతలో ఆర్డర్ సైజును బట్టి కాక పాత అమ్మకాలను బట్టి సరుకు పంచాలన్న విరుగుడు అందులోనే ఉంది. అది మా షాపుల్లో పనిచేస్తుందా అన్నది అసలు ప్రశ్న. ఉద్యోగం చేస్తున్నవాడికి ఉన్న వెసులుబాటు అదే: ప్రశ్న మన టేబుల్ మీదే ఉంటుంది. నేను దాన్ని ఆఫీసులో వదిలేసి పరిశోధనకు వెళ్లాను.

అంశం మార్చుకున్నాక ఇంకో తప్పు బయటపడింది. పార్ట్‌టైమ్‌లో చేరాలంటే యాజమాన్యం నుంచి ఎన్‌ఓసీ తేవాలి. చదువుకు అనుమతి ఉందని, విధుల్లో తగినంత వీలుంటుందని, అవసరమైతే కోర్స్‌వర్క్‌కు రిలీవ్ చేస్తామని అందులో ఉండాలి. డేటా ఊసు ఉండదు. నేను సంతకం పెట్టించుకుని సంబరపడ్డాను. తీరా ఆర్డర్ల డేటా అడిగితే, కస్టమర్ల వివరాలు బయటికి ఇవ్వలేమన్నారు. వాళ్ల మాటా న్యాయమే. షాపుల పేర్లు తీసేసి, వాటి బదులు నంబర్లు వేసి వాడుకునేలా ఒప్పించేసరికి తలప్రాణం తోకకొచ్చింది.

అందుకే ఎవరైనా సలహా అడిగితే రెండే చెబుతాను. మీ పనిలో లెక్క కుదరని విషయం ఒకటి పట్టుకుని ఒక్క వాక్యంలో ప్రశ్నగా రాసుకోండి. దానికి కావలసిన డేటా ఏ రూపంలో ఇస్తారో ఎన్‌ఓసీతో పాటే రాయించుకోండి. ఆ రెండు కాగితాలు చేతికి రాకముందు ఫీజు కట్టకండి.